డాక్టరు రుడాల్ఫ్ విర్కో జీవితము

విద్యార్థులారా! వ్యాధికి ధనికుడనియు దరిద్రుడనియు భేదము లేదని లోకులందురు. ఈ మాట నిజము కాదని కన్నులార చూచి, నిర్భయముగా ప్రకటించిన వైద్యుడు రుడాల్ఫ్ విర్కో.

ఈయన 1821వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన, ప్రష్యా రాజ్యములోని పొమరేనియా ప్రాంతమున, షీవెల్‌బైన్ అను చిన్న పట్టణమందు జన్మించెను. తండ్రి సేద్యగాడు, ధనవంతుడు కాడు. బాలుడు బుద్ధికుశలుడగుటచే విద్యార్థివేతనము లభించి, బెర్లిను నగరమున సైన్యమువారి వైద్యవిద్యాలయమున చదివి, 1843లో పట్టము పొందెను. పిమ్మట షారిటే యను గొప్ప ఆసుపత్రిలో నుద్యోగియయ్యెను.

1847–48 సంవత్సరముల శీతకాలమున ప్రష్యాలోని ఎగువ సైలీషియాయందు టైఫస్ జ్వరము ప్రబలి, వేలకొలది జనులు మరణించిరి. దాని కారణము విచారింప ప్రభుత్వమువారు 1848 ఫిబ్రవరిలో విర్కోను పంపిరి. అప్పటి కాయన వయస్సు 26 సంవత్సరములు మాత్రమే. అచ్చటి భూములును గనులును కొలదిమంది ప్రభువుల వశమున నుండెను. పోలిష్ భాష మాటలాడు బీదజనులు ఇరుకు గుడిసెలలో క్రిక్కిరిసి నివసించుచుండిరి. వారికి ముఖ్యాహారము బంగాళాదుంపలు. ఆ పంట చెడిపోగా కరువు వచ్చెను. కరువు వెంట జ్వరము వచ్చెను.

ప్రభుత్వమువారు మందుల నెదురుచూచి యుందురు. విర్కో వ్రాసిన చికిత్స వేరు. ప్రజలకు స్వభాషలో విద్య గరపవలెననియు, బాటలు వేయవలెననియు, వ్యవసాయమును బాగుచేయవలెననియు, స్వపరిపాలన మీయవలెననియు, పన్నుల భారమును బీదలనుండి తొలగించి ధనికులపై నుంచవలెననియు ఆయన నివేదించెను. ఆ మార్చిలో బెర్లినునందు ప్రజలు తిరుగబడినప్పుడు ఆయన వారి పక్షముననే నిలిచెను. అందుచేత ఆయన యుద్యోగమునకు ముప్పు వాటిల్లగా, 1849లో బెర్లిను విడిచి వూర్ట్స్‌బర్గు విశ్వవిద్యాలయమునకు పోయెను.

1856లో ఆయన సగౌరవముగా బెర్లినునకు తిరిగివచ్చెను. దేహమందలి సూక్ష్మకణములలోనే వ్యాధి యారంభించునని బోధించు గ్రంథమును 1858లో ప్రకటించి జగద్విఖ్యాతుడయ్యెను. మరుసటి యేడు నగరసభలో సభ్యుడై, నగరమునకు భూగర్భ మురుగుకాలువలు, పరిశుభ్రమైన మాంసము మున్నగువానికై బహుకాలము పాటుపడెను. 1902 సెప్టెంబరు 5వ తేదీన, తన 80వ యేట దివంగతుడయ్యెను.

టైఫసు జ్వరమును వ్యాపింపజేయునది బట్టలలో నుండు పేను అని షార్ల్ నికోల్ పండితుడు 1909లో కనుగొనెను. ఈ సంగతి విర్కో యెరుగడు. అయినను ఆయన చెప్పిన చికిత్స సరియైనదే. మార్చుకొనుటకు రెండవ వస్త్రమును, ఉదుకుటకు సబ్బును, నీరు కాచుటకు కట్టెలును లేనివానిని కదా పేను విడువకుండును!

ఇది పాతకథయని తలంపవలదు. బ్రిటనునందు 1948 నుండి అందరికిని ఉచితవైద్యము లభించుచున్నను, ఉద్యోగవిరమణ వయస్సునకు ముందే మరణించు ప్రమాదము, పెద్ద వృత్తులవారికంటె మోటుపని చేయు కూలీలకు రెండింతలకు మించి యున్నదని 1980లో ప్రకటింపబడిన బ్లాక్ నివేదిక తెలిపెను. కావున మీలో వైద్యులు కాగోరువారు రోగి నాడిని మాత్రమే గాక, వాని కూలియెంతో, యిల్లెట్టిదో, త్రాగు నీరెక్కడిదో కూడ విచారింప నేర్చుకొనుడు.