సముద్రగర్భపు పగడములను పరిశీలించిన ఆల్కాక్

సత్తెనపల్లి ప్రాంతమున ప్రత్తి, మిరప చేల నడుమ పెరిగిన బాలునకు పగడమనగా మొదట తోచునది తల్లి మెడలోని ఎఱ్ఱని పూస. ఆ సీమకు ఉత్తరముగా పాఱు కృష్ణానది హంసలదీవి కడ బంగాళాఖాతమున కలియుచున్నది. సూర్యరశ్మి సోకని సముద్రపు లోతులందు ఆ పూసకు దూరపు బంధువులగు పగడములు పెరుగుచుండును. మన సముద్రములందలి అట్టి పగడములను వర్గీకరించిన వారిలో ఆల్ఫ్రెడ్ విలియం ఆల్కాక్ ముఖ్యుడు.

ఇతడు 1859లో బొంబాయి నగరమున ఒక ఓడనాయకుని ఇంట జన్మించెను. తండ్రికి ధననష్టము కలుగుటచే పదునేడేండ్ల ప్రాయముననే చదువు మాని వయనాడు కాఫీతోటలకు చేరవలసి వచ్చెను. కొంతకాలము డార్జిలింగులో ఉపాధ్యాయుడుగా నుండెను. పిమ్మట అబర్డీనులో వైద్యమభ్యసించి, 1885లో భారత వైద్యసేవలో ప్రవేశించెను.

1888లో ‘ఇన్వెస్టిగేటర్’ అను ఓడపై వైద్యుడుగాను, ప్రకృతిశాస్త్రజ్ఞుడుగాను నియమింపబడెను. సముద్రమును కొలిచి పటములు గీయుట ఆ ఓడకు ముఖ్యమైన పని. జీవుల సేకరణ దానికి తోడుగా సాగెడిది. ఇనుపచట్రమునకు బిగించిన వలను వందల బారల లోతునకు దింపి, అడుగున ఈడ్చి, పైకి లాగెడివారు. పైకి వచ్చునది పెక్కుమారులు బురదయే. ఆ బురదలో దొరకిన పగడమును పదిలపరచి, దొరకిన చోటును, లోతును వ్రాసి, కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమునకు చేర్చెడివారు. ఆ చీటి లేనిచో పగడము వట్టి రాయియే గదా!

1893లో ఆల్కాక్ ఆ మ్యూజియమునకే అధికారి అయ్యెను. పగడపుజీవి మెత్తని శరీరము నశించినను దాని సున్నపు గూడు నిలిచియుండును. గిన్నెవంటి ఆ గూటిలో నిలువు రేకులు సాధారణముగా ఆరు, దాని గుణిజముల చొప్పున వరుసలుగా అమరియుండును. వానిలో ఎన్ని నడిమివఱకు చేరుచున్నవి, ఎన్ని పొట్టివి, నడుమనేమున్నది అని చూచి జాతిని నిర్ణయింపవలెను. ఒకే జాతిలోనే గూళ్లు భిన్నరూపములు దాల్చుచుండుటచే ఒక్క నమూనాను నమ్ముకొనుట ప్రమాదకరము. 1898లో ఆల్కాక్ ఈ పగడములపై గ్రంథము ప్రకటించెను. డచ్చివారి ‘సిబోగా’ యాత్రలో లభించిన లోతునీటి పగడములపై 1902లో మరియొకటి వ్రాసెను.

అతడు పేరిడిన కారియోఫిలియా అంబ్రోసియా నేటికిని ప్రత్యేకజాతిగనే నిలిచియున్నది. సొలెనోస్మీలియా జెఫ్రియీ అని పేరిడిన దానికి మాత్రము అట్టి భాగ్యము కలుగలేదు. అది 1873లోనే డంకన్ వర్ణించిన జాతియేయని తరువాతి పండితులు తేల్చిరి. ఆల్కాక్ వర్ణనకు ఆధారమైన పగడములు మ్యూజియమున భద్రపరుపబడి, 1916లో స్థాపింపబడిన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధీనమునకు వచ్చెను.

భారతదేశమును వీడిన పిదప ఆల్కాక్ లండనులోని ఉష్ణమండల వైద్యపాఠశాలలో రోగవాహకములగు కీటకములను గూర్చి బోధించెను. 1933లో మరణించెను.