గ్రహహోరల పండితుడు అగ్రిప్పా

ఏ కార్యమునకైనను తగిన వేళ, తగిన ద్రవ్యము, తగిన సంఖ్య కలవను విశ్వాసము మన పంచాంగములకు మాత్రమే పరిమితమైనది కాదు. సూర్యునకు గోధుమలు, శనికి నువ్వులు అని మన పెద్దలు నిర్ణయించినట్లే, సూర్యునకు బంగారము, శనికి సీసము అని పాశ్చాత్యులును నిర్ణయించుకొనిరి. మంత్రమునకు శక్తి మాటలోనే కాక, దానిని ఉచ్చరించు గడియలోను, చేతబట్టిన మూలికలోను, రేకుపై చెక్కిన అంకెలలోను గలదని వారు తలచిరి. చెల్లాచెదరుగా నున్న ఈ భావములను ఏర్చి కూర్చి ఒక శాస్త్రముగా తీర్చిన పండితుడు హైన్రిఖ్ కర్నేలియస్ అగ్రిప్పా. మంత్రవిద్యకు ఐరోపాలో ప్రమాణమైన గ్రంథమును వ్రాసినవాడును, మంత్రగత్తె యను నిందకు గురియైన ఒక పల్లెటూరి స్త్రీని అగ్నిజ్వాలలనుండి తప్పించినవాడును ఆతడే. ఈ రెండును ఒక్క జీవితమున ఎట్లు పొసగినవో తెలిసికొనదగియున్నది.

అగ్రిప్పా 1486వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన జర్మనీ దేశమందలి కొలోన్ నగరమున జన్మించెను. ముద్రణాయంత్రము వెలసి అప్పటికి నలువది యేండ్లు నిండలేదు. ప్రాచీన గ్రీకు గ్రంథములు లాటినులోనికి పరివర్తనము చెంది, ఇటలీనుండి ఉత్తర దేశములకు వ్యాపించుచున్న కాలమది. ఫ్లారెన్సు నగరవాసియైన మార్సీలియో ఫిచీనో 1489లో ప్రకటించిన గ్రంథమున నక్షత్రముల ప్రభావమును మనుష్యుని ఆరోగ్యమునకు వినియోగించుకొను మార్గములను చర్చించెను. అగ్రిప్పా 1499లో కొలోన్ విశ్వవిద్యాలయమున చేరి 1502లో పట్టమును పొందెను. ఫిచీనో రచనలును, హెబ్రూ భాషామర్మజ్ఞుడైన రాయ్‌ఖ్లిన్ రచనలును ఆ యువకుని మనస్సును హరించెను.

1509లో ఫ్రాన్సు సరిహద్దులకు దగ్గరగానున్న డోల్ పట్టణమున అగ్రిప్పా రాయ్‌ఖ్లిన్ గ్రంథముపై ఉపన్యాసములిచ్చెను. ఆ యేడే స్త్రీజాతి పురుషజాతికంటె ఉత్తమమైనదని నిరూపించుచు ఒక ప్రబంధమును రచించి, నెదర్లాండ్సు పాలకురాలైన మార్గరెట్ రాణికి అంకితమొనర్పదలచెను. కాని ఒక సన్న్యాసి ఆమె యెదుటనే ధర్మోపన్యాసమొసగుచు అగ్రిప్పాను మతభ్రష్టునిగా నిందించెను. ఆ ప్రబంధము అచ్చగుటకు ఇరువది యేండ్లు పట్టినది. పండితునకు రాజాశ్రయము దొరకుటయు, దొరకినది మతాచార్యుల కోపమున జారిపోవుటయు నాటినుండి ఆతని జీవితమున పలుమారులు జరిగెను.

1510లో అగ్రిప్పా వ్యూర్ట్స్‌బుర్గ్ నగరమున మఠాధిపతియైన త్రిథేమియస్‌ను దర్శించెను. రహస్యలిపులను గూర్చి వ్రాసిన ఆ వృద్ధపండితునితో జరిగిన సంభాషణల ఫలముగా తన మహాగ్రంథము తొలిరూపమును ముగించి ఆయనకు పంపెను. అప్పటికి అగ్రిప్పాకు ఇరువదినాలుగేండ్లు నిండలేదు. త్రిథేమియస్ ఆ రచనను మెచ్చుకొని, సామాన్యమైన విషయములను సామాన్యులకు చెప్పవలెననియు, ఉన్నతమైన రహస్యములను ఆప్తమిత్రులకు మాత్రమే తెలుపవలెననియు హితవు చెప్పెను. ఆ హితవును పాటించుటచే ఆ గ్రంథము చిరకాలము వ్రాతప్రతులుగానే చేతులు మారినది.

ఆ గ్రంథము మూడు భాగములు. భూతమయమైన ప్రపంచము, నక్షత్రమయమైన ప్రపంచము, కేవల జ్ఞానమయమైన ప్రపంచము అని లోకములు మూడనియు, పైలోకపు శక్తి క్రింది లోకమునకు దిగివచ్చుననియు అగ్రిప్పా సిద్ధాంతము. దిగివచ్చిన శక్తి పోలికనుబట్టి వస్తువులందు నిలుచునని ఆతడు తలచెను. బంగారము, కుంకుమపువ్వు, సింహము, కోడిపుంజు సూర్యునకు చెందినవి; రంగున గాని, తేజస్సున గాని, ఉదయమును గుర్తించు స్వభావమున గాని అవి సూర్యుని పోలియున్నవి. కంటిపాప పెరుగుచు తరుగుచు నుండును గావున పిల్లి చంద్రునిది. గుడ్లగూబ శనిది. వెండి చంద్రునకు, పాదరసము బుధునకు, రాగి శుక్రునకు, ఇనుము కుజునకు, తగరము గురునకు చెందిన లోహములు. ఒక్క గ్రహమునకు చెందిన వస్తువులను ఒక్కచోట చేర్చినచో ఆ గ్రహబలము అచ్చట కూడుకొనుననుట ఈ విద్యకు మూలసూత్రము.

వస్తువులు కూడినను వేళ కూడవలెను. సూర్యోదయమునుండి సూర్యాస్తమయము వరకుగల కాలమును పండ్రెండు భాగములుగను, రాత్రిని పండ్రెండు భాగములుగను విభజింపవలెను. వేసవిలో పగటి హోర దీర్ఘము, శీతకాలమున హ్రస్వము. శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అను క్రమమున గ్రహములు ఒక్కొక్క హోరకు అధిపతులగుదురు. ఆదివారము తొలి హోర సూర్యునిది. అటనుండి లెక్కించినచో ఇరువదినాలుగవ హోర బుధునిది. ఇరువదియైదవది, అనగా మరునాటి తొలి హోర, చంద్రునిది. కావుననే ఆదివారము తరువాత సోమవారము వచ్చుచున్నది. విద్యార్థులు కాగితముపై లెక్కవేసినచో ఏడు వారముల వరుస తప్పక వచ్చును. మన జ్యోతిషమునందలి హోరాక్రమమును ఇదియే. హోర యను మాటకును, దాని లెక్కకును గ్రీకు జ్యోతిషముతో సంబంధము కలదు. ఒకే మూలమునుండి చీలిన పాయలు తూర్పునను పడమటను వేరువేరుగా ప్రవహించినవి.

రెండవ భాగమున సంఖ్యల ప్రసంగము ప్రసిద్ధమైనది. ప్రతి గ్రహమునకును ఒక అంకెల చదరమును ఆతడు చూపెను. శని చదరమున వరుసకు మూడు గళ్లు: మొదటి వరుస 4, 9, 2, రెండవది 3, 5, 7, మూడవది 8, 1, 6. అడ్డముగా, నిలువుగా, మూలనుండి మూలకు ఎట్లు కూడినను 15 వచ్చును. గురునకు నాలుగేసి గళ్లు, మొత్తము 34. కుజునకు ఐదేసి, మొత్తము 65. సూర్యునకు ఆరేసి, మొత్తము 111. ఇట్లు పెరుగుచు చంద్రుని చదరము తొమ్మిదేసి గళ్లతో 369కి చేరును. శని యనుకూలుడై యున్న వేళ ఆతని చదరమును సీసపు రేకుపై చెక్కవలెను. గణితముగా చూచిన ఈ చదరములు నిర్దుష్టములు. వానియందు గ్రహబలము గలదనుట మాత్రము ఏ పరీక్షకును నిలువలేదు.

కొంతకాలము ఇటలీలో యుద్ధముల నడుమ గడపి, పావియా విశ్వవిద్యాలయమున ఉపన్యాసములిచ్చి, అచ్చటనే వివాహమాడి, 1518లో అగ్రిప్పా మెట్స్ నగరమున న్యాయవాదిగా కొలువు కుదిరెను. మరుసటి యేడు ఆతని జీవితమున గొప్ప పరీక్ష యెదురయ్యెను. సమీపమందలి వ్వాపీ గ్రామమున ఒక స్త్రీని మంత్రగత్తె యని నిందించి కొందరు గ్రామస్థులు బలవంతముగా పట్టుకొనిపోయిరి. మతవిచారణాధికారియైన నికొలా సావీని ఆమెను చిత్రహింసకు గురిచేయించెను. ఆయన చూపిన ముఖ్యమైన సాక్ష్యము ఆమె చేసిన పని కాదు, ఆమె పుట్టుక. ఆమె తల్లిని పూర్వము మంత్రగత్తెగా దహించిరి. మంత్రగత్తెలు తమ బిడ్డలను పుట్టగానే పిశాచమునకు సమర్పింతురు గావున కూతురును అట్టిదే కావలెనని ఆయన వాదము.

అగ్రిప్పా ఈ వాదమును మతశాస్త్రముతోనే ఖండించెను. శిశువునకు జ్ఞానస్నానము చేయించునపుడు పిశాచబంధము తొలగునని క్రైస్తవధర్మము బోధించుచుండగా, తల్లి దోషము కూతునకు అంటునని పలుకుట ఆ సంస్కారమును వ్యర్థమని చెప్పుటయే యగునని వాదించెను. మతద్రోహమును విచారింపవచ్చిన అధికారియే మతద్రోహి యగుచున్నాడని నిర్భయముగా నిరూపించెను. ఇంతలో విచారణ జరిపిన న్యాయాధికారి రోగగ్రస్తుడై, మరణశయ్యపై పశ్చాత్తాపము చెంది, ఆమె నిర్దోషి యని తెలియజేసెను. ఆమె విడుదలయ్యెను. నింద మోపినవారికి జరిమానా పడెను. కాని అగ్రిప్పాకు ఆ నగరమున నిలువ నీడ లేకపోయెను. 1520 తొలినాళ్ల ఆతడు మెట్స్ విడిచెను. మరుసటి యేడు ఆతని భార్య మరణించెను.

తరువాతి కాలము వైద్యవృత్తిలో గడచినది. 1524లో లియోన్ నగరమున ఫ్రాన్సు రాజమాతయైన లూయీ దేవికి వైద్యుడయ్యెను. ఆమె వైద్యముకంటె జాతకములను ఎక్కువగా కోరెను. హోరలను, చదరములను లెక్కించిన పండితునకు ఈ సేవ రోతపుట్టించినది. జ్యోతిషముపై ఆమెకుగల వ్యామోహమును నిరసించుచు ఆతడు వ్రాసిన జాబు ఆమె చేతికే చిక్కెను. జీతము నిలిచిపోయెను, కుటుంబము పస్తులుండెను. ఆ కష్టములలోనే 1526లో విద్యలన్నియు అనిశ్చితములు, వ్యర్థములు అని చాటు గ్రంథమును వ్రాసెను. నూటికి పైబడిన ప్రకరణములలో వ్యాకరణమును, వైద్యమును, రాజసభలను, సన్న్యాసులను, జ్యోతిషమును, మంత్రవిద్యను వరుసగా దూషించెను. మతవిచారణాధికారుల ప్రకరణమున మెట్స్ స్త్రీ వృత్తాంతమును చేర్చెను.

1528లో అగ్రిప్పా ఆంట్వెర్ప్ చేరెను. 1529లో అచ్చట మహామారి వ్యాపింపగా రోగులకు చికిత్స చేయుచుండెను. రెండవ భార్య ఆ వ్యాధికే బలియయ్యెను. చక్రవర్తియైన ఐదవ చార్లెస్‌కు చరిత్రకారుడుగా నియమితుడైనను జీతము సరిగా అందలేదు. విద్యావ్యర్థతను గూర్చిన గ్రంథము 1530లో అచ్చుకాగా లూవెన్, పారిస్ మతపండితులు దానిని ఖండించిరి. 1531లో అప్పులవారి ఫిర్యాదుపై బ్రస్సెల్సున చెరసాలలో నుండెను. ఆ యేడే మహాగ్రంథపు మొదటి భాగము వెలువడెను. 1533లో మూడు భాగములును కొలోనులో అచ్చగుచుండగా మతవిచారణాధికారి అడ్డగింపజూచెను. ఆర్చిబిషప్ హెర్మాన్ ఆశ్రయముచే ముద్రణ ముగిసెను. తాను దూషించిన విద్యనే ఆతడు ప్రకటించుట లోకమునకు వింతయైనది. ఆ గ్రంథము చివర మంత్రవిద్యను ఖండించిన తన ప్రకరణములనే అనుబంధముగా చేర్చుట మరింత వింత. పాఠకునకు రెండు పక్షములును ఒక్క సంపుటమున లభించినవి.

1535లో ఫ్రాన్సు చేరిన అగ్రిప్పాను, రాజమాతను నిందించిన నేరమునకు నిర్బంధించి పిమ్మట విడిచిరి. ఆ యేడే గ్రెనోబుల్ నగరమున మరణించెను. మరణానంతరము కట్టుకథలు పుట్టెను. ఆతని వెంట తిరిగిన నల్లకుక్క పిశాచమనియు, యజమాని మరణకాలమున నదిలో దూకెననియు చెప్పుకొనిరి. శిష్యుడైన యోహాన్ వేయర్ ఆ కుక్క పేరు మొస్యో యనియు, దానిని తానే త్రిప్పితిననియు, అది సామాన్యమైన కుక్కయే యనియు వ్రాసెను. 1559లో అగ్రిప్పా పేర వెలువడిన నాలుగవ భాగము కూటరచన యని తెలిపినదియు ఆయనయే.

వేయర్ బాల్యమున అగ్రిప్పా ఇంట విద్యాభ్యాసము చేసి వైద్యుడయ్యెను. 1563లో బాసెల్ నగరమున ప్రకటించిన గ్రంథమున, మంత్రగత్తెలని దహింపబడుచున్న ముసలమ్మలు చిత్తవ్యాధిచే బాధపడువారనియు, వారికి వలసినది చికిత్సయే గాని చితి కాదనియు వాదించెను. ఆ దహనకాండ మరి నూరేండ్లకు పైగా సాగినను, దానిని నిలదీసిన తొలి వైద్యులలో ఆయన ముఖ్యుడు.

అగ్రిప్పా మహాగ్రంథము 1651లో ఇంగ్లీషులోనికి వచ్చెను. 1801లో లండనులో వెలువడిన బారెట్ మంత్రగ్రంథము చాలవరకు దాని నకలే. మేరీ షెల్లీ 1818లో ప్రకటించిన నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ చిన్ననాట చదివిన పుస్తకము అగ్రిప్పాదే. పశ్చిమదేశముల మంత్రపుస్తకములందు కనబడు లోహముల పట్టికలును, హోరల లెక్కలును పెక్కు ఆతని పుటలనుండి వచ్చినవే. మెట్స్ న్యాయస్థానమున మాత్రము ఆతడు ఏ హోరను చూడలేదు, ఏ రేకును చెక్కలేదు. తల్లిని బట్టి కూతురిని దహింపరాదను న్యాయమొక్కటే ఆతనికి ఆధారమైనది. వేయర్ గురువునుండి గ్రహించి లోకమునకు అందించిన పాఠమును అదియే.