కళ్ళతో చూచి నేర్పిన వెసేలియస్

ఉగాది సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరినపుడు మాకు వెసేలియస్ జ్ఞప్తికి వచ్చారు. కారణం మా ఉద్యోగమే. గూడ్సు షెడ్డులో కాగితం మీద నలభై మూటలని ఉంటుంది. వాగను తలుపు తీస్తే ఒక్కొక్కప్పుడు ముప్ఫయి తొమ్మిదే ఉంటాయి. లెక్కపెట్టకుండా సంతకం చేసిన గుమాస్తాకు చిక్కు తప్పదు. మానవ శరీరం విషయంలో యూరపు వైద్యులు సుమారు 1300 సంవత్సరాలు అట్లాగే సంతకం చేశారు.

వారు నమ్మిన గ్రంథాలు క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు వైద్యులు గేలెన్‌వి. ఆయన మహాపండితులే. అయితే ఆనాటి రోములో మనుష్యుల శవాలను కోయడానికి వీలులేక, కోతులను, పందులను, ఎడ్లను కోసి చూచి, మనిషి లోపలా అంతేనని వ్రాశారు.

ఆండ్రియాస్ వెసేలియస్ 1514 డిసెంబరు 31వ తేదీన బ్రస్సెల్సులో జన్మించారు. తండ్రి చక్రవర్తి అయిదవ చార్లెస్ కొలువులో మందులు తయారుచేసేవారు. వెసేలియస్ లూవెన్, పారిస్ నగరాలలో చదివారు. ఆ రోజులలో ఆచార్యులు ఎత్తయిన పీఠం మీద కూర్చుండి గేలెన్ గ్రంథం చదివేవారు. క్రింద మంగలి శవాన్ని కోసేవాడు. చదివినదీ కోసినదీ సరిపోయాయా అని చూచేవారు అరుదు.

1536లో లూవెన్ ఊరి వెలుపల ఉరికొయ్యకు వ్రేలాడుతున్న ఎముకల గూడును వెసేలియస్ రహస్యంగా ఇంటికి చేర్చి, కూర్చుకొని చదువుకొన్నారు. 1537 డిసెంబరులో ఇటలీలోని పాదువాలో పట్టం పొందిన మరునాడే అక్కడ బోధన ప్రారంభించారు. అప్పటికి 23 యేండ్లు నిండలేదు. ఆయన పీఠం దిగివచ్చి, కత్తి స్వయంగా పట్టారు.

క్రింది దవడలో రెండు ఎముకలని గేలెన్ వ్రాయగా, మనిషికి ఒకటే కనిపించింది. రొమ్ము ఎముకలో ఏడు భాగాలని ఉండగా మూడే కనిపించాయి. 1541లో గేలెన్ గ్రంథాల ముద్రణకు పరిష్కర్తగా పనిచేసినవారిలో ఈయన కూడా ఒకరు. కనుక తప్పు చూపినది ద్వేషంతో కాదు.

1543లో, 28వ యేట, మానవ శరీర నిర్మాణంపై ఏడు భాగాల లాటిన్ గ్రంథాన్ని బాసెల్ నగరంలో ప్రకటించారు. చిత్రాల చెక్క అచ్చులు ఆల్ప్స్ పర్వతాలు దాటి అక్కడికి చేరాయి. ఆ సంవత్సరమే ఆయన అక్కడ కోసి కూర్చిన ఎముకల గూడు నేటికీ ఆ నగరంలో భద్రంగా ఉన్నది.

పారిస్‌లో పాఠం చెప్పిన గురువు సిల్వియస్ మాత్రం శిష్యుణ్ణి పిచ్చివాడన్నారు. గేలెన్ పొరబడలేదనీ, ఆయన తరువాత మనుష్యుల శరీరాలే మారాయనీ వాదించారు! విమర్శలకు విసిగిన వెసేలియస్ తమ వ్రాతలు కొన్ని తగులబెట్టి, చక్రవర్తి కొలువులో వైద్యులుగా చేరారు. అయినా పని మానలేదు. గుండె మధ్య గోడలో రంధ్రాలున్నవన్న గేలెన్ మాటను మొదటి కూర్పులో జంకుతూ విడిచిపెట్టినవారే, 1555లో రెండవ కూర్పులో స్పష్టంగా శంకించారు. తమ పుస్తకాన్ని కూడా దిద్దుకోవడం అందరికీ చేతనవునా?

1564లో జెరూసలేము యాత్ర నుండి తిరిగివస్తూ, ఏభయి నిండకుండానే, జకింతోస్ అనే గ్రీకు ద్వీపంలో కన్నుమూశారు. పుట్టిన ఊరికి ఎంతో దూరం.

ఊరు విడిచివచ్చిన మనం తాతల మాటలను మరింత గట్టిగా పట్టుకుంటాము. అది మంచిదే. కాని పిల్లలు ఇది ఎందుకని అడిగినపుడు, పెద్దలు చెప్పారు గనుక అని నోరు మూయించడం మాకూ అలవాటే. ఈ ఉగాది నుండి పిల్లలతోపాటు మేమూ మూట విప్పి లెక్కపెట్టాలనుకొంటున్నాము. గురువును గౌరవిస్తూనే కళ్ళు తెరచి చూడవచ్చునని వెసేలియస్ జీవితం చెబుతున్నది.