కల్నల్ కాలిన్ మెకంజీ

అనంతపురం పీఠభూమి అనావృష్టికి నెలవు. అక్కడ చెరువే ఊరికి ప్రాణం. ఏ చెరువును ఎవరు త్రవ్వించారు, ఏ ప్రభువు ఏ మాన్యమిచ్చాడు, పాడుపడిన ఊరు మళ్లీ ఎలా వెలసింది అనే విషయాలు కరణాల దండకవిలెలలోను, దేవాలయ శాసనాలలోను, వృద్ధుల జ్ఞాపకాలలోను నిలిచి ఉండేవి. కాలగర్భంలో కలిసిపోతున్న ఆ సంపదను కైఫీయతుల రూపంలో గ్రంథస్థం చేయించినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ.

మెకంజీ 1754లో స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవేలో జన్మించాడు. ఆయనకు గణితశాస్త్రమంటే మక్కువ. సంవర్గమానాలను కనుగొన్న జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం ప్రాచీన భారతీయుల గణిత పరిజ్ఞానాన్ని గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా ఆయనకు కలిగింది. 1783లో ఈస్టిండియా కంపెనీ సైనికోద్యోగిగా మద్రాసు చేరి, ఇంజనీరుగా పేరు పొందాడు.

1799లో శ్రీరంగపట్టణం పతనమైన పిమ్మట మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే బాధ్యత మెకంజీకి లభించింది. దేశపటం గీయడంతోనే ఆయన తృప్తి చెందలేదు. నేల, నీరు, పంటలు, వృక్షజాతులు, ప్రజల ఆచారాలు, చరిత్ర అన్నీ ఒకే పరిశోధనలో ఇమడాలని సంకల్పించాడు. వృక్షశాస్త్రానికి బెంజమిన్ హైన్, భూమి కొలతలకు జాన్ మాథర్ తోడ్పడ్డారు. కంపెనీ పెద్దలు వ్యయాన్ని కుదించినా ఆయన వెనుదీయలేదు. చారిత్రక సామగ్రి సేకరణకు సొంత ధనాన్ని వెచ్చించాడు.

ఇంతటి కార్యభారం వహించిన మెకంజీకి దేశభాషలలో ప్రవేశం లేదు. ఆ కొరతను ఆయన దాచుకోలేదు. తెలిసినవారిని వెదకి, విశ్వసించి, పని అప్పగించాడు. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య ఆయనకు కన్నూ చెవీ అయ్యాడు. బొర్రయ్య పండితులను, వ్రాయసగాండ్రను, అనువాదకులను సమకూర్చి, ప్రాచీన లిపులను చదివే నేర్పు సాధించాడు. ముప్పై ఏండ్లయినా నిండకుండానే 1803లో అతడు కన్నుమూశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారాన్ని తలకెత్తుకున్నాడు. జైన పండితుడు ధర్మయ్య హళగన్నడ శాసనాల పఠనంలో సాయపడ్డాడు. 1816లో థామస్ హిక్కీ చిత్రించిన చిత్రపటంలో మెకంజీ ఒంటరిగా లేడు. ఆయన చెంత ముగ్గురు భారతీయ సహాయకులున్నారు. ఒకరి చేత దూరదర్శిని, మరొకరి చేత తాటాకు ప్రతి కనిపిస్తాయి.

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలోనూ ఈ కృషి సాగింది. నేటి అనంతపురం ప్రాంతం వాటిలోనిదే. సేకర్తలు ఊరూరా తిరిగి, కరణాలను, అర్చకులను, పెద్దలను ఒప్పించి వివరాలు వ్రాసుకొనేవారు. తాము చేసిన పనిని నివేదికలుగా పంపేవారు. 1811లో మెకంజీ జావాకు వెళ్లినా, లక్ష్మయ్య పర్యవేక్షణ వలన సేకరణ ఆగలేదు.

1815లో మెకంజీ భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821 మే 8న మరణించాడు. అప్పటికి 1,568 వ్రాతప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు సమకూడాయి. కంపెనీ వాటిని ఆయన భార్య నుండి లక్ష రూపాయలకు కొన్నది. హెచ్. హెచ్. విల్సన్ 1828లో వాటి పట్టికను ప్రకటించాడు. అనంతర కాలంలో సి. పి. బ్రౌన్ శిథిలమవుతున్న కైఫీయతులకు ప్రతులు వ్రాయించాడు.

అయితే ఒక అన్యాయం మిగిలిపోయింది. మెకంజీ ప్రారంభించిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరాడు. భారతీయునికి అంతటి విమర్శక దృష్టి ఉండదన్న అపోహతో 1830ల నాటి విద్వత్సంఘం ఆ విన్నపాన్ని త్రోసిపుచ్చింది. ఆ సేకరణకు ఆధారభూతుడైన వ్యక్తికే అది దూరమయింది.

నేడు రాయలసీమ గ్రామచరిత్ర వ్రాయదలచిన ప్రతివారూ కైఫీయతులను ఆశ్రయిస్తారు. వాటిని తెరచినప్పుడు మెకంజీ దీక్షను మాత్రమే గాక, కావలి సోదరుల పాండిత్యాన్ని, పేరు తెలియని కరణాల స్మృతిని కూడా గౌరవించాలి. మహాకార్యాన్ని నడిపించేవాడు అన్నీ తెలిసినవాడు కానక్కరలేదు. తెలిసినవారిని గుర్తించగలగాలి, వారి శ్రమకు తగిన స్థానమివ్వగలగాలి.