అంకెల తపస్వి డగ్లస్ హార్ట్రీ

శాస్త్ర చరిత్రలో కొందరు నూతన సిద్ధాంతాలను ప్రతిపాదించి కీర్తి గడిస్తారు. మరికొందరు ఆ సిద్ధాంతాల నుండి అంకెలను రాబట్టి వాటిని లోకానికి ఉపయోగపడేలా చేస్తారు. ఈ రెండవ కోవకు చెందిన మహనీయుడు డగ్లస్ రేనర్ హార్ట్రీ. నేడు పరమాణువుల శక్తిస్థాయిలను, వర్ణపట రేఖలను కంప్యూటరు ప్రోగ్రాముల సహాయంతో లెక్కించబూనిన విద్యార్థి, తెలిసో తెలియకో, ఆయన వేసిన బాటలోనే తొలి అడుగు వేస్తాడు.

హార్ట్రీ 1897 మార్చి 27వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జన్మించారు. తండ్రి విలియం హార్ట్రీ అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు అధ్యాపకులు. తల్లి ఎవా 1924లో కేంబ్రిడ్జి పట్టణానికి తొలి మహిళా మేయరు అయ్యారు. స్వయంకృషిని ప్రబోధించిన గ్రంథకర్త శామ్యూల్ స్మైల్స్ ఆయనకు ముత్తాత.

సెయింట్ జాన్స్ కళాశాలలో సాగుతున్న చదువుకు మొదటి ప్రపంచ సంగ్రామం అంతరాయం కలిగించింది. విమానాలపై పేల్చే ఫిరంగి గుండ్ల గమనాన్ని లెక్కించే బృందంలో తండ్రీకొడుకులిద్దరూ పనిచేశారు. కాగితం, పెన్సిలు మాత్రమే సాధనాలుగా అవకలన సమీకరణాలను అంచెలంచెలుగా సాధించే నేర్పు ఆయనకు అక్కడే అలవడింది. యుద్ధానంతరం పట్టా పుచ్చుకున్నప్పుడు లభించినది ద్వితీయ శ్రేణి మాత్రమే. శ్రేణిని చూసి మనిషిని తూచరాదని ఆయన శేషజీవితం నిరూపించింది.

1926లో ష్రోడింగర్ తరంగ సమీకరణాన్ని ప్రకటించారు. హైడ్రోజనులో ఉన్నది ఒకే ఎలక్ట్రాను గనుక దాని లెక్క చక్కగా తేలింది. ఎలక్ట్రానులు రెండు కాగానే చిక్కు వచ్చిపడింది. ప్రతి ఎలక్ట్రానూ తక్కినవాటిని వికర్షిస్తుంది. ఒకదాని నడవడి తెలియాలంటే మిగిలినవాటి నడవడి ముందే తెలిసి ఉండాలి. ఈ చిక్కుముడిని విప్పడానికి హార్ట్రీ ఎంచుకున్న మార్గం సరళమైనది. ముందుగా పరమాణువులోని విద్యుత్ క్షేత్రాన్ని ఉజ్జాయింపుగా ఊహించుకోవాలి. ఆ క్షేత్రంలో ఒక్కొక్క ఎలక్ట్రాను తరంగాన్ని లెక్కకట్టాలి. ఆ తరంగాల వల్ల ఏర్పడే ఆవేశం నుండి క్షేత్రాన్ని మళ్ళీ గణించాలి. వచ్చినది ఊహించినదానితో సరిపడకపోతే, సవరించిన క్షేత్రంతో పని మళ్ళీ మొదలు. రెండూ ఏకమయ్యేవరకు ఈ ఆవృత్తి సాగవలసిందే. 1928లో ప్రచురితమైన ఈ విధానమే స్వసంగత క్షేత్ర పద్ధతి.

దీనికి గట్టి సైద్ధాంతిక ఆధారం ఏదన్న ప్రశ్న తలెత్తింది. 1930లో స్లేటర్, ఫాక్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ఆ ఆధారాన్ని చూపారు. దానితోపాటు, ఎలక్ట్రానుల వినిమయ ప్రభావం లెక్కలోకి రాలేదన్న లోపమూ వెల్లడైంది. హార్ట్రీ పట్టుదలకు పోక, ఆ సవరణను స్వీకరించి, పలు పరమాణువుల లెక్కలను తిరిగి చేపట్టారు. శ్రమ అపారం. ఈ యజ్ఞంలో ఆయనకు కుడిభుజమైనది తండ్రే. చేతితో తిప్పే గణనయంత్రాలతో సాధించిన ఫలితాలు 1930వ దశకంలో తండ్రీకొడుకుల జంటపేర్లతో వెలువడ్డాయి.

1929 నుండి హార్ట్రీ మాంచెస్టర్‌లో ఆచార్యులు. 1933లో అమెరికా వెళ్ళి, వన్నెవర్ బుష్ నిర్మించిన డిఫరెన్షియల్ ఎనలైజరును చూశారు. అటువంటి యంత్రానికి ధనం చాలా కావాలి. ఆయన వెనుదీయలేదు. మెకానో అనే పిల్లల ఆటసామాగ్రిలోని పళ్ళచక్రాలతో, శిష్యుడు ఆర్థర్ పోర్టర్ తోడ్పాటుతో, 1934లో సుమారు 20 పౌన్ల ఖర్చుతో నమూనా నిర్మించారు. మరుసటి సంవత్సరమే పూర్తిస్థాయి యంత్రం వెలిసింది. 1946లో అమెరికాలోని తొలితరపు ఎలక్ట్రానిక్ గణనయంత్రమైన ఎనియాక్‌పై పనిచేసి, అదే సంవత్సరం కేంబ్రిడ్జి ఆచార్య పదవి చేపట్టారు. ఆయన శిష్యురాలు షార్లట్ ఫ్రోజ్ ఫిషర్ ఆ పద్ధతిని కంప్యూటరు ప్రోగ్రాములుగా విస్తరించి, తరువాతి తరాలకు అందించారు.

పరమాణు నిర్మాణ గణనపై తన గ్రంథాన్ని 1957లో వెలువరించిన హార్ట్రీ, 1958 ఫిబ్రవరి 12న కన్నుమూశారు. పరమాణు శక్తి కొలమానానికి ఆయన పేరే నిలిచింది. ఒక హార్ట్రీ ఇంచుమించు 27.2 ఎలక్ట్రాన్ వోల్టులు.

విద్యార్థి మిత్రులారా! నెలల తరబడి సాగిన ఆ లెక్కలు నేడు క్షణాలలో ముగుస్తున్నాయి. అయినా యంత్రం చూపిన ప్రతి అంకెనూ శిరసావహించరాదు. తొలుత జవాబు తెలిసిన హైడ్రోజనుతో ప్రోగ్రామును పరీక్షించండి. పిమ్మట హీలియంకు వెళ్ళండి. ఆవృత్తి నిలకడకు వచ్చిందో లేదో గమనించండి. ఫలితాన్ని ప్రయోగశాలలో కొలిచిన విలువతో పోల్చండి. తేడా కనిపిస్తే దానిని దాచక, కారణం వెదకండి. హార్ట్రీ చేసినది అదే. ఆయనకు మనం అర్పించగల నివాళి కూడా అదే.