వెనుకటి పట్టణముల గుట్టు విప్పిన సురవరము ప్రతాపరెడ్డిగారు

మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున, తెలుగువారి ప్రతి గ్రంథాలయమునను తప్పక ఉండదగిన ఒక పుస్తకమును గూర్చియు, దానిని రచించిన మహనీయుని గూర్చియు నాలుగు మాటలు చెప్పుకొనుట సముచితము. ఆ పుస్తకము ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. రచయిత సురవరము ప్రతాపరెడ్డిగారు.

చరిత్ర యనగానే మనకు రాజుల పేర్లు, పట్టాభిషేకముల తేదీలు, దండయాత్రలు జ్ఞప్తికి వచ్చును. ఏ రాజు ఏ కోటను పట్టెనో పాఠశాలలో వల్లెవేసినాము. ఆ కోటగోడల నడుమ సామాన్యుడు ఏమి తిని బ్రదికెనో, ఏ వీథిలో జూదమాడి ఇల్లు గుల్ల చేసికొనెనో, ఏ తల్లి తన కూతును ఎట్టి బ్రదుకునకు అప్పగించెనో ఆ పుస్తకములు చెప్పవు. ఆ కొరతను తీర్చుటకు పూనుకొన్నవారిలో ప్రతాపరెడ్డిగారు అగ్రగణ్యులు. వారు మన పూర్వపట్టణముల వైభవమును వర్ణించి ఊరకుండలేదు. ఆ పట్టణముల చీకటిసందులలోనికి గూడ దీపము పట్టుకొని వెళ్లిరి.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన జన్మించిరి. గద్వాల ప్రాంతమునకు చెందిన ఇటిక్యాలపాడు వారి స్వగ్రామము. అది కృష్ణా తుంగభద్రల నడిమి సీమ. ఆ కృష్ణవేణియే దిగువకు ప్రవహించి మన పల్నాటికి ఉత్తరపు సరిహద్దగుచున్నది. బాల్యవిద్య కర్నూలులో జరిగినది. పిమ్మట హైదరాబాదులోను, మదరాసులోను చదివి పట్టభద్రులై, న్యాయశాస్త్రమున గూడ పట్టమందిరి. మదరాసులో నున్నపుడు వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిచయము కలిగినది. ప్రభాకరశాస్త్రిగారు మూలబడిన తాళపత్రములను వెదకి, ప్రాచీన కావ్యములను పరిష్కరించి లోకమునకిచ్చిన పండితులు. పాతపద్యములో పాతకాలపు జీవితము దాగి యున్నదను ఎరుక ప్రతాపరెడ్డిగారిలో బలపడుటకు ఆ సహవాసము తోడ్పడినది.

హైదరాబాదునకు తిరిగివచ్చి కొంతకాలము న్యాయవాదవృత్తి నెరపిరి. 1918లో నెలకొన్న రెడ్డి హాస్టలుకు కార్యదర్శిగా పనిచేసి, అచ్చటి విద్యార్థులలో చదువుపట్ల, తెలుగుపట్ల ఆసక్తి పెంచిరి. ఆ వసతిగృహమునకు మూలపురుషులు రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు. వారు 1920 మొదలు 1934 వరకు హైదరాబాదు నగరమునకు కొత్వాలు, అనగా పోలీసు పెద్ద. ప్రతాపరెడ్డిగారు వారి జీవితచరిత్రను గూడ రచించిరి. ఒక మహానగరము పగటి ముఖమెట్టిదో, రాత్రి ముఖమెట్టిదో కొత్వాలునకు తెలిసినట్లు మరియొకరికి తెలియదు. అట్టివారి సన్నిధిని మెలగిన రచయిత ‘మొగలాయి కథలు’ వ్రాసి, నైజాము కాలపు నగరమున తెలివి గలవాడు అమాయకుని ఎట్లు బోల్తా కొట్టించునో నవ్వుచు నవ్వించుచు చూపినాడనుటలో వింతలేదు.

ఆనాటి నైజాము రాజ్యమున తెలుగు చదువునకు ఆదరణ లేదు. సభ జరుపవలెనన్న సర్కారువారి అనుమతి కావలెను. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రజల నోళ్లకు తాళము వేసినది. అట్టి కాలమున ప్రతాపరెడ్డిగారు 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రికను స్థాపించిరి. సంపాదకీయము వ్రాయుట మొదలు అచ్చుతప్పులు దిద్దుట వరకు ఆ భారమును మోసిరి. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నైజాము రాష్ట్ర ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. గ్రంథాలయోద్యమమునకు అండగా నిలిచి, ఆ విషయముపై గూడ రచనలు చేసిరి.

తెలంగాణమున కవులే లేరని ఒకరు వ్రాయగా, వారు కోపముతో కేకలు వేయలేదు. ఊరూరికి జాబులు వ్రాసి, 354 మంది కవుల రచనలను సేకరించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించిరి. మాటకు మాట గాక సాక్ష్యము చూపుట వారి స్వభావము. తన జాతి పరువు నిలుపుటకు ఇంత శ్రమపడినవారే, 15 ఏండ్లు గడచిన పిమ్మట 1949లో ప్రకటించిన సాంఘిక చరిత్రలో, ఆ జాతియే ఒకనాడు మునిగిన జూదమును, తాగుడును, వేశ్యావృత్తిని, దొంగతనములను దాచక చెప్పిరి. ఈ రెండు పనులును ఒకే చేతితో జరిగినవి. లేని కళంకము అంటగట్టినపుడు కాదనుట ఎంత సత్యమో, ఉన్న కళంకమును ఔననుట అంత సత్యము.

తూర్పు చాళుక్యుల నాటినుండి 1907 వరకు తెలుగువారి బ్రదుకును ఆ గ్రంథము పరిశీలించినది. దానికి ఆధారములు శాసనములు, విదేశ యాత్రికుల వ్రాతలు, సామెతలు, అన్నిటిని మించి తెలుగు కావ్యములు. కవి ఒక ఆటను పేర్కొనగా నిఘంటువు దానిని క్రీడావిశేషమని మాత్రము చెప్పి తప్పుకొనును. ప్రతాపరెడ్డిగారికి అది చాలలేదు. ఆ ఆట ఎట్లాడుదురో, ఆ వస్తువు దేనికి పనికివచ్చునో పల్లెలలో తెలిసినవారిని అడిగి తెలిసికొనిరి. పండితుని ఇంటిలో దొరకని అర్థము పామరుని నోట దొరకునని వారి విశ్వాసము.

కాకతీయుల కాలపు ఓరుగంటిని చూపుటకు వారికి ముఖ్యముగా ఉపకరించిన కావ్యము ‘క్రీడాభిరామము’. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామము’ దీనికి మూలము. కర్త మన వినుకొండ పేరు ఇంటిపేరుగా గల వల్లభరాయుడని ప్రసిద్ధి. శ్రీనాథుడే వ్రాసెనని ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు వాదించిరి. ఎవరు వ్రాసినను ఆ కావ్యము ఓరుగంటి వీథులకు అద్దము. మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇరువురు మిత్రులు నగరమెల్ల తిరుగుదురు. రూకకు కడుపునిండ భోజనము పెట్టు పూటకూళ్ల ఇల్లు, మాచల్దేవి చిత్రశాల, కోడిపందెములు, పొట్టేళ్ల పోరు, పాములవాని ఆట, వేశ్యావాటిక, వేశ్యల తగవులు తీర్చు పెద్దల కొలువు, ఇవన్నియు వారి కంటబడును.

అందులో ఒక వేశ్య తన కూతునకు అద్దము చూపు వేడుక చేయును. ఆ పిల్లను కులవృత్తిలో ప్రవేశపెట్టుటకు అది నాంది. కవికి అది ఒక ముచ్చట. నూర్ల ఏండ్ల తరువాత చదువు మనకు మాత్రము ఆ అద్దములో ఒక బాలిక భవిష్యత్తు కనబడును. సాంఘిక చరిత్ర ప్రయోజనమిదియే. అలంకారముల వెనుక నిలిచిన మనుష్యుని అది మనకు చూపును. మదరాసు రాష్ట్రమున బాలికలను దేవదాసీలుగా సమర్పించుటను నిషేధించిన చట్టము 1947లో గాని రాలేదు. ప్రతాపరెడ్డిగారి గ్రంథము వెలువడుటకు రెండేండ్ల ముందు మాట అది. వారు చెప్పిన పాతకథ ఆనాటికి అంత పాతది కాదు.

దొంగలను గూర్చి కావ్యములు చెప్పు సంగతులు మరియు వింతగొల్పును. దండి సంస్కృతమున వ్రాయగా కేతన తెనిగించిన ‘దశకుమారచరిత్ర’లో కన్నము వేయువాని సరంజామా కలదు. గోడ త్రవ్వు పనిముట్లు, త్రాడు, నిద్ర పుచ్చు మందుపొడి, ఇంటి దీపమును ఆర్పుటకు విడుచు పురుగుల పెట్టె, ఇట్లు అదియొక విద్యగనే నడచినది. కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’ వంటి కథాకావ్యములలో జూదరులు, మోసగాండ్రు, రాత్రి తిరుగుళ్లు తరచుగా వచ్చును.

విజయనగర వైభవమును విననివారు లేరు. 1443లో అచ్చటికి వచ్చిన పారసీక దూత అబ్దుల్ రజాకు, వేశ్యాగృహముల వలన వచ్చు రాబడి నగరరక్షక భటుల జీతములకు చెల్లుచుండెనని వ్రాసినాడు. గోలకొండను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, దరోగా పట్టికలో 20,000 మంది వేశ్యల పేర్లున్నవనియు, వారి చెంత చెల్లు కల్లు వలన సర్కారునకు ఆదాయము వచ్చుచుండెననియు పేర్కొన్నాడు. లెక్కలో హెచ్చుతగ్గు లుండవచ్చును. కాని రత్నములు రాసులు పోసి అమ్మిన అంగడికి ప్రక్కసందులో ఏమి అమ్ముచుండిరో ఈ వ్రాతల వలన తెలియుచున్నది.

ఇట్టి పని ఇతరదేశములలోను జరిగినది. లండను నగరమున హెన్రీ మేహ్యూ అను పత్రికారచయిత బిచ్చగాండ్రను, వీథివర్తకులను, దొంగలను స్వయముగ కలిసి, వారి బ్రదుకులను 19వ శతాబ్ది నడుమ గ్రంథముగా ప్రకటించినాడు. ఆయనకు బ్రదికియున్న మనుష్యులు చిక్కిరి. ప్రతాపరెడ్డిగారికి చిక్కినవి ఒరిగిపోయిన కోటలు, చెదలు తిన్న పద్యములు. చచ్చిన నగరమును పుస్తకముల సాయమున లేపి నడిపించుట మరింత కష్టము. కవి సహజముగ అతిశయోక్తిప్రియుడు. కావున ఒక్క పద్యమును నమ్మక, నాలుగు కావ్యములను, శాసనమును, యాత్రికుని మాటను ప్రక్కప్రక్కన నుంచి సరిచూడవలసి యుండును. ఆ ఓపిక వారికుండెను.

మన పల్నాటివారు ఈ గ్రంథమును ప్రత్యేకముగ చదువదగును. ఓరుగంటి వీథులలో పల్నాటి వీరుల గాథను పాడుచుండిరని క్రీడాభిరామమే తెలుపుచున్నది. శ్రీనాథుని పేర నున్న ‘పల్నాటి వీరచరిత్ర’ను 1911లో అచ్చులోనికి తెచ్చి విపులమైన పీఠిక వ్రాసిన అక్కిరాజు ఉమాకాంతముగారు మన గుత్తికొండవారు. సామాన్యుల ఆచారములను తెలిసికొనుటకు ఆ వీరగాథ వంటివి ప్రతాపరెడ్డిగారికి గనులు.

ఆ కథ మనకు కంఠస్థము. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు. కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు దేశము విడువవలెనని పణము. మలిదేవుని పక్షము ఓడినది. ఏడేండ్లు గడచిన పిదప రాజ్యభాగమడుగ వెళ్లిన అలరాజు ప్రాణములు కోల్పోయినాడు. కారెంపూడి యుద్ధభూమిని నాగులేరు ఒడ్డున వీరులు నేలకొరిగిరి. ఏటేట కార్తికమాసమున మనము అచ్చట వీరారాధన చేయుచున్నాము. వీరులకు మ్రొక్కుట మన ధర్మము. కాని అంత వినాశమునకు దారితీసిన వానిలో ఒక పందెము గలదను మాటను మనమెంత తలచుచున్నాము? నేటికిని సంక్రాంతి వచ్చినదన్న తెలుగునాట పందెపు బరులు లేచుచునే యున్నవి. కత్తి గట్టిన కోడి కాలిక్రింద పొలములు, పుస్తెలు పోవుచునే యున్నవి. వీరుని పొగడి వ్యసనమును మరచిన చరిత్ర సగము చరిత్ర. ప్రతాపరెడ్డిగారు మనకు నేర్పినది ఆ రెండవ సగమును గూడ చదువుట.

ఇట్టి విషయములున్న పుస్తకమును గ్రామ గ్రంథాలయమున నుంచవచ్చునా, పిల్లలు చెడిపోరా యని సందేహించు పెద్దలు అన్ని ఊళ్లలోను ఉందురు. వారి భయము పిల్లలపై ప్రేమవలన పుట్టినదే. అయినను చెడును చవులూరునట్లు వర్ణించుట వేరు, చెడు ఎట్లు పుట్టి ఎవరిని కాల్చినదో చెప్పుట వేరు. మొదటి పని చౌకబారు పుస్తకము చేయును. రెండవ పని ఈ గ్రంథము చేసినది. పూర్వులందరు పుణ్యపురుషులని నమ్మి పెరిగిన కుఱ్ఱవాడు, నేటి చెడుగును చూచి కాలము పాడైనదని చేతులు ముడుచుకొనును. పూర్వులలోను ఈ వ్యసనము లుండెననియు, కొన్నిటిని తెలుగువారే పోరాడి తొలగించుకొన్నారనియు తెలిసినవాడు మిగిలినవానిని తొలగించుటకు నడుము కట్టును.

ప్రతాపరెడ్డిగారు 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన తమ 57వ ఏట కన్నుమూసిరి. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగునకిచ్చిన తొలి పురస్కారము ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే దక్కినది. అందుకొనుటకు వారు లేరు. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టుచు చట్టము చేసినది.

ఇన్ని గౌరవములకంటె వారి ఆత్మకు తృప్తి గలిగించునది మరియొకటి కలదు. 1907తో వారు ఆపిన కథను ఊరూర ఎవరో ఒకరు కొనసాగింపవలెను. మన ఊరి వృద్ధులకు తెలిసిన పాత సంగతులు, పండుగలు, కరవులు, కల్లుపాకలు, పందెములు, అప్పులు, తగవులు, వానిని దాటి నిలిచిన మంచి, ఇవన్నియు ఒక నోటుపుస్తకములో వ్రాయించి బీరువాలో నుంచిన చాలును. ఎవరి పరువును తీయక, ఉన్నదానిని కప్పిపుచ్చక వ్రాయవలెను. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి అట్టి పుస్తకమొకటి అలమరలో సాంఘిక చరిత్ర ప్రక్కన చేరునని ఆశింతము.