ఎడిసన్ గరాటు

మనలో చాలామందికి ఎడిసన్ అంటే బల్బు. ఏ మోటివేషన్ స్పీచ్ విన్నా ఆయన ఫెయిల్యూర్ల కథ ఒక్కసారైనా వచ్చి తీరుతుంది. ఈసారికి ఆ బల్బుని ఆర్పేద్దాం. ఆయన్ని ఇంకో వస్తువు పక్కన నిలబెట్టి చూపిస్తాను. అది గరాటు. వంటింట్లో నూనె పోసుకునే గరాటు లాంటిదే, కాకపోతే ఇందులోంచి శబ్దం వస్తుంది. మన ఈసీఈ వాళ్లు హారన్ అంటారు. ఊళ్లో జాతరప్పుడు కరెంటు స్తంభానికి కట్టే మైకు కూడా ఆ జాతిదే.

థామస్ ఆల్వా ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మిలన్ అనే ఊళ్లో పుట్టాడు. బళ్లో చదివింది చాలా తక్కువ. పన్నెండేళ్లకే రైల్లో పేపర్లు, మిఠాయిలు అమ్మాడు. చిన్నప్పుడే వినికిడి దెబ్బతింది, వయసుతో పాటు అది ఇంకా ముదిరింది. ఎందుకలా అయిందో ఆయనే ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పేవాడు. తర్వాత టెలిగ్రాఫ్ ఆపరేటర్ అయ్యాడు. 1876లో న్యూజెర్సీలోని మెన్లో పార్క్‌లో సొంత ల్యాబ్ పెట్టుకున్నాడు. సరిగ్గా వినపడని ఈ మనిషే మరుసటి ఏడాది శబ్దాన్ని దాచిపెట్టే యంత్రం చేశాడు.

ఫోనోగ్రాఫ్ పని చాలా సింపుల్. గాడి ఉన్న సిలిండర్ మీద తగరపు రేకు చుట్టాలి. పల్చటి డయాఫ్రమ్‌కి సూది తగిలించాలి. హ్యాండిల్ తిప్పుతూ మాట్లాడితే డయాఫ్రమ్ ఊగి, సూది రేకు మీద ఎత్తుపల్లాలు నొక్కుతుంది. మళ్లీ మొదటినుంచి తిప్పితే ఆ ఎత్తుపల్లాలే సూదిని కదుపుతాయి, మాట తిరిగొస్తుంది. 1877 డిసెంబర్‌లో జాన్ క్రూసీ అనే మెకానిక్ యంత్రాన్ని తయారుచేసి ఇస్తే, ఎడిసన్ అందులో పిల్లల పాట చెప్పి వినిపించాడు. 1878 ఫిబ్రవరిలో పేటెంట్ వచ్చింది. అదే ఏడాది దూరపు మాటలు వినడానికి ఆరడుగులకు పైగా పొడవున్న కాగితపు గరాటులు చేశాడు. సన్నటి కొసలు రెండు చెవుల్లో పెట్టుకోవాలి, అంతే.

ఇక్కడ కాసేపు ఆగి గరాటు సంగతి చూద్దాం. డయాఫ్రమ్ చిన్నది, గదిలో గాలి చాలా పెద్దది. చిన్న డయాఫ్రమ్ నేరుగా గాలిని తోస్తే దాని శక్తి గాలికి సరిగ్గా అందదు. గరాటు సన్నటి గొంతు దగ్గర ఎక్కువ ఒత్తిడితో ఉన్న కదలికను, వెడల్పాటి మూతి దగ్గరికి వచ్చేసరికి తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలిని కదిపేలా మారుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటుకి చేసే పనే ఇది గాలికి చేస్తుంది. కొత్త శక్తినేమీ పుట్టించదు, ఉన్నది వృథా పోకుండా చూస్తుంది.

నేనూ నా రూమ్మేటూ ఒకే కొలతతో మూడు గరాటులు చేశాం. ఒకటి చార్టు పేపరుతో, ఒకటి జీఐ రేకుతో, ఒకటి పాత పేపర్లకు మైదా జిగురు పూసి పొరలు పొరలుగా అతికించి. మూతి వెడల్పు 25 సెంటీమీటర్లు. ఫోన్ స్పీకరు దగ్గర పెడితే మూడూ శబ్దాన్ని పెంచాయి. కానీ రేకుది కొన్ని స్వరాల దగ్గర గిన్నె మోగినట్టు మోగింది. చార్టుది గట్టి శబ్దానికి తనే వణికింది. పేపరు పొరలది ఎండటానికి నాలుగు రోజులు తీసుకుంది గానీ మూడింట్లో అదే శుభ్రంగా పలికింది. బరువూ, మెత్తదనమూ కలిసి గోడల వణుకుని మింగేశాయి. బేస్ మాత్రం ఒక్కదాంట్లోనూ రాలేదు. లెక్క చూస్తే కారణం దొరికింది. మూతి చుట్టుకొలత దాదాపు తరంగదైర్ఘ్యమంత ఉంటేనే ఆ స్వరం బాగా బయటికొస్తుంది. 25 సెంటీమీటర్ల మూతికి అది సుమారు 440 హెర్ట్జ్. 100 హెర్ట్జ్ కావాలంటే మీటరుకి పైగా వెడల్పున్న మూతి కావాలి. అది మా రూమ్ తలుపులోంచి పట్టదు!

ఎడిసన్ జీవితాంతం కుస్తీ పట్టింది ఈ లెక్కతోనే. ఆ రోజుల్లో రికార్డింగ్ కూడా గరాటులోకే. పాడేవాళ్లూ వాయించేవాళ్లూ దాని ముందు ఒకరినొకరు నెట్టుకుంటూ నిలబడాలి. వయొలిన్ వినపడదని, చెక్క పెట్టె తీసేసి లోహపు గరాటు బిగించిన స్ట్రో వయొలిన్ వాడేవారు. ఇక ఇళ్లలో ఫోనోగ్రాఫులకి రేకు, ఇత్తడి, చెక్క గరాటులు వచ్చాయి. 1909 ప్రాంతంలో ఎడిసన్ కంపెనీ హంస మెడలా వంపు తిరిగిన సిగ్నెట్ గరాటు తెచ్చింది. తర్వాత గరాటుని మడిచి పెట్టెలోనే దాచేశారు. ఫోనోగ్రాఫ్ పెట్టెను కాంక్రీటుతో పోతపోయించాలని కూడా ఎడిసన్ చూశాడు. అది నడవలేదు.

ఇన్ని చేస్తున్నా ఆయనకి వినిపించేది అంతంత మాత్రమే. ఫోనోగ్రాఫ్ చెక్కను పళ్లతో కరిచి పట్టుకుని, ఎముకల ద్వారా వినేవాడు. అలా విని ఏ గాయకుడు పనికొస్తాడో తనే తేల్చేవాడు. గొంతు వణికించి పాడటం ఆయనకి అసలు పడేది కాదు. మొదట్లో డైమండ్ డిస్క్ రికార్డుల మీద పాడినవాళ్ల పేర్లు కూడా వేయలేదు. 1915 నుంచి టోన్ టెస్ట్ అని ఊరూరా ప్రదర్శనలు పెట్టించాడు. హాల్లో లైట్లు తీసేస్తారు. స్టేజీ మీద గాయని పాడుతూ మధ్యలో ఆపేస్తుంది, రికార్డు కొనసాగుతుంది. ఏది ఏదో జనం కనిపెట్టాలి. గాయనులు తమ గొంతుని రికార్డు స్థాయికి తగ్గించుకుని పాడేవారనుకోండి, అది వేరే సంగతి.

1920ల మొదట్లో ఆయన చేయించిన గరాటు చూస్తే మతిపోతుంది. ఇత్తడిది, పొడవు 125 అడుగులు. ఒక భవనంలో పాడితే ఇంకో భవనంలో రికార్డయ్యేది. అంత ఇత్తడి పోసినా, అంత తేడా రాలేదు.

1925లో విక్టర్, కొలంబియా కంపెనీలు కరెంటు రికార్డింగుకి మారాయి. మైక్రోఫోన్, వ్యాక్యూమ్ ట్యూబ్ ఆంప్లిఫయర్. గరాటు ముందు గుంపుగా నిలబడే అవసరం పోయింది, బేస్ వచ్చింది. ఎడిసన్ మాత్రం మొండికేశాడు. 1926లో ఒక్కో వైపు ఇరవై నిమిషాల దాకా నడిచే రికార్డు తెచ్చాడు గానీ, గాళ్లు మరీ సన్నం కావడంతో శబ్దం బలహీనంగా వచ్చింది. ఆయన కంపెనీ 1927లో గానీ కరెంటు దారికి రాలేదు. 1929 అక్టోబర్ చివర్లో, స్టాక్ మార్కెట్ కూలిన వారంలోనే, రికార్డుల వ్యాపారం మూసేసింది.

నన్ను ఆపేసిన విషయం ఇది. టెలిఫోన్లలో దశాబ్దాల పాటు వాడిన కార్బన్ ట్రాన్స్‌మిటర్‌ని 1877లో మెరుగుపరిచింది ఎడిసనే. అది మైక్రోఫోనే కదా! బల్బు మీద పనిచేస్తూ, వేడి ఫిలమెంట్ నుంచి ఖాళీలోనే ఇంకో లోహపు పలకకి కరెంటు వెళ్లడం 1880లలో గమనించి పేటెంట్ తీసుకున్నదీ ఆయనే. దాన్నే ఎడిసన్ ఎఫెక్ట్ అంటారు. దాని మీదే 1904లో ఫ్లెమింగ్ వాల్వ్ చేశాడు, అక్కణ్ణుంచే ఆంప్లిఫయర్ పుట్టింది. అంటే గరాటుని ఓడించిన రెండు వస్తువుల మూలాలూ ఆయన ల్యాబులోనే, ఎప్పట్నుంచో ఉన్నాయి. ఆయన వాటిని ఫోనోగ్రాఫ్ పక్కకి తెచ్చి చూడలేదు.

దీన్ని ముసలితనపు మొండితనం అని తీసిపారేయడం తేలిక. నాకలా అనిపించదు. తన పళ్లతో, పుర్రెతో విని నమ్మిన శబ్దం అది. నలభై ఏళ్లు చేత్తో చెక్కిన వస్తువు పాతబడిందని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. మనం ఒక సెమిస్టర్ ప్రాజెక్టునే వదులుకోలేం.

1,093 అమెరికన్ పేటెంట్లతో, 84 ఏళ్ల వయసులో, 1931 అక్టోబర్ 18న వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ చనిపోయాడు. గరాటు మాత్రం చావలేదు. కరెంటుతో పోటీ మానేసి, దానికే మూతిగా మారింది. సినిమా హాల్లో తెర వెనకా, రైల్వే స్టేషన్లోనూ, ఎన్నికల ఆటో మీదా ఇప్పటికీ అదే పలుకుతోంది.